వందే భారత్ దిగి మెట్లెక్కితే

చాముండి కొండ మెట్ల మీద ఒక పెద్దావిడ. వంగి పసుపు రాస్తుంది, కుంకుమ బొట్టు పెడుతుంది, పై మెట్టుకి వెళ్తుంది. మళ్లీ వంగుతుంది.
ఆ కొండకి దాదాపు వెయ్యి మెట్లు!

కన్నడలో పలకరిస్తే మడకశిర తెలుగులో జవాబొచ్చింది.
"మోకాళ్లు నొయ్యవా అవ్వా?"
"నొయ్యకేం నాయనా! మెట్టుకొకసారి నిలబడతాం గదా, ఆయాసం రాదు."

నాకేమో వస్తోంది.

పొద్దున బెంగళూరులో వందే భారత్ ఎక్కాను. 2022 నవంబరులో దక్షిణాదిలో మొదలైన మొట్టమొదటి వందే భారత్ ఇదే, చెన్నై-మైసూరు బండి. బెంగళూరు నుంచి మైసూరుకి 138 కిలోమీటర్లు, రెండు గంటలు. (శతాబ్దికీ దాదాపు అంతే పడుతుంది. సెల్ఫీలు దిగుతున్నవాళ్లకి ఆ ముక్క చెప్పబుద్ధి కాలేదు 😀) రామనగర గుట్టలు, అదే 'షోలే'లో గబ్బర్ సింగ్ తిరిగిన గుట్టలు, ఫోన్ తీసేలోపే దాటిపోయాయి. మైసూరులో దింపేసి ఒంటిగంట దాటగానే బండి వెనక్కి. కొండెక్కేవాళ్ల కోసం ఆగదు.

అంత వేగంగా వచ్చి నేను చేసిందేమిటంటే, మైసూరు రాజు దొడ్డ దేవరాజ ఒడెయరు 17వ శతాబ్దంలో చెక్కించిన ఏకశిలా నంది దగ్గర కూర్చుని ఆ అవ్వ కోసం ఎదురుచూడటం. ఆవిడకి నాతో పనేం లేదు. అయినా లేవాలనిపించలేదు. ఈ మధ్య ఏ పనికీ అంత తీరిగ్గా కూర్చున్న గుర్తు లేదు.

రాత్రికి మామూలు ఎక్స్‌ప్రెస్‌లో ఇల్లు చేరాను.

బెంగళూరు నుంచి ఒక్క రోజులో వెళ్లొచ్చే మెట్ల కొండలు ఇంకేమున్నాయి? శివగంగ అయిపోయింది. పైదాకా కారెళ్లేవి చెప్పొద్దు.