తూటాలో ఏ భాగం?

విస్కాన్సిన్‌లో నవంబరు వచ్చిందంటే ఆఫీసు లంచ్ టేబుల్ దగ్గర మాటలన్నీ జింకల మీదికి మళ్ళుతాయి. థాంక్స్‌గివింగ్ ముందు శనివారం మొదలై తొమ్మిది రోజులు తుపాకీ సీజను. ఈసారి నేనూ వెళ్తున్నాను కాబట్టి ఏ కార్ట్రిడ్జ్ కొనాలో చెప్పమన్నాను. ఇక చూడండి, మన ఛందోవాదులూ వచనకవులూ గుర్తొచ్చారు. 1906లో సైన్యం కోసం పుట్టిన థర్టీ-ఆట్-సిక్స్‌ని వదలని పెద్దలు ఒకపక్క, 2007లో వచ్చిన 6.5 క్రీడ్‌మోర్‌ని నెత్తికెత్తుకున్న కుర్రాళ్ళు మరోపక్క. మధ్యలో .308 వాళ్ళు.

మన భాషలో ఇంకో చిక్కుంది. తెలుగులో కార్ట్రిడ్జ్ మొత్తాన్నీ తూటా అంటాం, గొట్టంలోంచి దూసుకెళ్ళేదాన్నీ తూటానే అంటాం. నిజానికి ఇత్తడి తొడుగు, దాని అడుగున నిప్పు రాజేసే ప్రైమరు, లోపల మందు, మూతిన గుండు, ఇవన్నీ కలిస్తే కార్ట్రిడ్జ్. జనం కొట్టుకునేది తొడుగు పేరు మీద. జింకకి తగిలేది గుండు.

మా వైపు అడవిలో జింక వంద గజాల అవతల కనిపించడమే అరుదు. ఆ దూరానికి వీటిలో ఏదైనా చాలు. నాకు కావాల్సింది తక్కువ తన్నేది. .308 తొడుగునే మెడ దగ్గర సన్నం చేసి 1955లో తెచ్చిన .243 ఉంది, ఒకే బరువు రైఫిల్లో దీని తాపు.308 దానిలో దాదాపు సగం. అదే తీసుకున్నాను. భుజం బెదిరితే వేలు ట్రిగ్గర్ని కుదుపుతుంది, గుండు ఊపిరితిత్తుల్లో కాక పొట్టలో దిగుతుంది, ఆ జీవి గంటల తరబడి చస్తుంది.

గుండు సంగతి ఇంకా చిత్రం. వేటకి వాడే గుండు తగలగానే మూతి విచ్చుకోవాలి. లేకపోతే సూదిలా దూరి బయటికి పోతుంది, జింక గాయంతో పారిపోతుంది. ఇలా విచ్చుకునే గుళ్ళనే బ్రిటిష్‌వాళ్ళు కలకత్తా పక్కన డమ్‌డమ్‌లో తయారుచేశారు. 1899లో హేగ్ సమావేశం వాటిని యుద్ధంలో వాడకూడదంది. మనిషి మీద క్రూరమైనది జింక మీద కరుణ ఎట్లా అయింది? సైనికుడు గాయపడి ఆగిపోతే చాలు, జింక మాత్రం వెంటనే చావాలి. తర్కం సరైనదే, మింగుడుపడటానికి కొన్నాళ్ళు పట్టింది.

మామూలు గుండులో ఉండేది సీసం. మెత్తన కాబట్టి చక్కగా విచ్చుకుంటుంది, మెత్తన కాబట్టే తునకలై మాంసంలో చెదురుతుంది కూడా. 2008లో నార్త్ డకోటాలో పేదలకి దానమిచ్చిన జింకమాంసాన్ని స్కాన్ చేస్తే లోహపు తునకలు బయటపడ్డాయి. కాలిఫోర్నియా 2019 నుంచి వేటలో సీసాన్ని పూర్తిగా ఆపేసింది. మా ఇంట్లో ఈ కూర నాలుగేళ్ళ పిల్ల కూడా తింటుంది. ఎంత అల్లంవెల్లుల్లి దట్టించినా సీసం సీసమే.

అందుకని రాగి. ఇది సీసం కన్నా గట్టిది, విచ్చుకోవడానికి వేగం కావాలి. తేలిక లోహం కనుక బరువు పెంచితే గుండు పొడుగైపోయి గాలిలో నిలకడ తప్పొచ్చు. .243కి మామూలుగా చెప్పే 100 గ్రెయిన్ల బదులు 80 గ్రెయిన్లది కొన్నాను. (180 గ్రెయిన్లు సరిగ్గా మన తులం, అంటే ఇది అరతులం కూడా లేదు.) పెట్టెకి ఇరవై, ధర సీసంవాటికన్నా బాగా ఎక్కువ. నిన్న రేంజ్‌లో వంద గజాల మీద మూడు కాల్చాను. మూడూ టీ సాసరంత మేరలో పడ్డాయి. జింక గుండె, ఊపిరితిత్తులు ఉండే చోటు అంతకన్నా కాస్త పెద్దదే.