నూరు రాత్రుల పైలటు

రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఇంగ్లండు తూర్పు ప్రాంతంలోని విమాన స్థావరాలనుంచి, వాతావరణం అనుకూలించిన రాత్రులలో, వందలకొద్దీ భారీ బాంబరు విమానాలు జర్మనీ మీదికి బయలుదేరేవి. తెల్లవారేసరికి వాటిలో కొన్ని తిరిగి వచ్చేవి కావు. బ్రిటిషు బాంబర్ కమాండ్‌లో సుమారు 1,25,000 మంది వైమానికులు పనిచేస్తే వారిలో 55,573 మంది మరణించారు. లాంకాస్టర్ వంటి విమానంలో ఏడుగురుండేవారు. ముప్పై దాడులు పూర్తిచేసినవాడికి కొంతకాలం విశ్రాంతి ఇచ్చేవారు. ఆ ముప్పై పూర్తిచేసేదాకా బతికి ఉండటమే చాలామందికి సాధ్యపడలేదు.

అటువంటి దళంలో నూరు దాడులు చేసి బతికినవారు లెనార్డ్ చెషైర్. ఆయన జీవితాన్ని గురించి నేను చాలాకాలంగా ఆలోచిస్తున్నాను. ఆయనను మెచ్చుకోవడం తేలిక. నిందించడమూ అంత కష్టం కాదు. రెండింటిలో ఏ ఒక్కదానితోనైనా సరిపెట్టుకోవడమే నాకు సాధ్యం కాలేదు.

చెషైర్ 1917లో జన్మించారు. తండ్రి న్యాయశాస్త్ర ఆచార్యుడు. కొడుకు కూడా ఆక్స్‌ఫర్డులో న్యాయశాస్త్రమే చదివాడు గాని, పుస్తకాలకన్న విశ్వవిద్యాలయ వైమానిక దళమే ఆ కుర్రవాణ్ణి ఎక్కువగా ఆకర్షించింది. 1940 జూన్‌లో 102వ స్క్వాడ్రన్‌లో చేరి, విట్లీ అనే రెండింజన్ల బాంబరు నడపసాగారు. ఆ ఏడాది నవంబరు 12 రాత్రి కొలోన్ నగరం మీద శత్రువుల ఫిరంగి గుండు తగిలి ఆయన విమానం లోపల పేలుడు జరిగింది. విమానం పక్క భాగం చీలిపోయింది. మంటలు లేచాయి. వైర్‌లెస్ ఆపరేటరు ముఖం దారుణంగా కాలిపోయింది. చెషైర్ ఆ చీలిన విమానాన్నే గంటల తరబడి నడుపుకుంటూ ఇంగ్లండు చేర్చారు.

తరువాత 35వ స్క్వాడ్రన్‌కు మారారు. నాలుగింజన్ల హాలిఫాక్స్ విమానాలు మొట్టమొదట వచ్చింది ఆ దళానికే. 1942 ఆగస్టులో 76వ స్క్వాడ్రన్‌కు అధిపతి అయ్యారు. అంతకు ఏడాది ముందు ఆయన తమ్ముడు ఆ దళంలోనే పనిచేస్తూ, విమానం కూలి జర్మనులకు బందీగా చిక్కాడు. హాలిఫాక్స్‌లు బరువెక్కి నెమ్మదిగా ఎగురుతూ శత్రువులకు సులభంగా దొరుకుతున్నాయని గమనించి, ముక్కు భాగంలోనూ వీపు మీదా ఉన్న తుపాకి గూళ్లను తీయించివేశారు. ఆయుధాలు తగ్గించుకుని వేగమూ ఎత్తూ పెంచుకోవడమన్నమాట! ఇంజన్లు తుడిచే మెకానిక్కులతో సహా దళంలోని వారందరినీ పేరు పెట్టి పిలిచేవారట. ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు. ఇవాళ పలకరించిన మనిషి రేపు ఉంటాడో లేడో తెలియని చోట పేర్లు గుర్తుపెట్టుకోవడం తేలికైన పని కాదు.

ఇరవై అయిదేళ్ల వయసుకే గ్రూప్ కెప్టెన్ అయ్యారు. ఆ హోదాలో నేలమీద ఉండి పనిచేయాలి. అది నచ్చక, ఒక మెట్టు దిగి వింగ్ కమాండరుగా 617వ స్క్వాడ్రన్‌కు నాయకత్వం వహించడానికి 1943లో ఒప్పుకున్నారు. జర్మనీ ఆనకట్టలను బద్దలుకొట్టి పేరు తెచ్చుకున్న దళమది. ఆ ఒక్క రాత్రి వెళ్లిన పందొమ్మిది లాంకాస్టర్లలో ఎనిమిది తిరిగి రాలేదు. యాభైముగ్గురు మరణించారు.

అప్పటి బాంబుదాడులలోని పెద్ద లోపం గురి. చీకట్లో, పదిహేను ఇరవైవేల అడుగుల ఎత్తునుంచి వేసిన బాంబు ఎక్కడ పడుతుందో చెప్పలేము. 1941లో ఛాయాచిత్రాలను పరిశీలించి తయారుచేసిన ఒక నివేదిక ప్రకారం, లక్ష్యం మీద దాడి చేశామని చెప్పుకున్న విమానాలలో మూడింట ఒక వంతు మాత్రమే దానికి అయిదు మైళ్ల లోపలికి వెళ్లగలిగాయి. ఈ లోపానికి చెషైర్ కనిపెట్టిన ఉపాయం సాహసంతో కూడినది. తానే ముందుగా ఇళ్ల కప్పులను తాకుతున్నంత కిందికి దిగి, లక్ష్యం మీద వెలుగునిచ్చే గుర్తులు వేస్తారు. పైనున్న విమానాలు ఆ వెలుగును చూసి బాంబులు వేస్తాయి.

1944 ఫిబ్రవరి 8 రాత్రి ఫ్రాన్సులోని లిమోజ్ పట్టణంలో ఈ పద్ధతి ప్రయోగించారు. అక్కడి విమాన ఇంజన్ల కర్మాగారం జర్మనుల కోసం పనిచేస్తోంది. రాత్రి పాళీలో ఉన్నవారు వందలాది మంది ఫ్రెంచి స్త్రీలు. వారు శత్రువులు కారు. తమ దేశాన్ని ఆక్రమించినవారి కింద పొట్టకూటికి పనిచేస్తున్నవారు. చెషైర్ తన లాంకాస్టర్‌ను కర్మాగారం కప్పు మీదుగా చాలా తక్కువ ఎత్తులో ఒకసారి పోనిచ్చారు. వెనక్కి తిరిగి రెండవసారి, మళ్లీ మూడవసారి కూడా పోనిచ్చారు. బయటికి పారిపొమ్మని చెప్పడానికి ఆయనకున్న భాష ఇంజన్ల హోరు ఒక్కటే. లోపలివారు అర్థం చేసుకుని పరుగెత్తారు. ఆ తరువాతే నాలుగవసారి వచ్చి గుర్తులు వేశారు. కర్మాగారం నేలమట్టమైంది.

ఈ కథ ఇక్కడితో ముగిస్తే చక్కగా ఉంటుంది. కాని ముగించలేము. ఏప్రిల్ 24 రాత్రి ఆయనే మస్కిటో అనే చిన్న విమానంలో మ్యూనిక్ నగరం మీదికి వెళ్లారు. ఫిరంగుల వెలుగులో, గుళ్ల వర్షంలో కిందికి దిగి గుర్తులు వేశారు. ఆయనకు విక్టోరియా క్రాస్ రావడానికి ఆ రాత్రి చూపిన ధైర్యం కూడా ఒక కారణం. మ్యూనిక్‌లోనూ రాత్రి పాళీ చేసే స్త్రీలున్నారు, నిద్రపోతున్న పిల్లలున్నారు. వారిని హెచ్చరించడానికి మూడుసార్లు తిరిగిన విమానం ఏదీ లేదు. శత్రుదేశం కాబట్టి అని సమాధానం చెప్పవచ్చు. అది యుద్ధం చెప్పే సమాధానం.

భారతంలో సౌప్తిక పర్వం చదివినవారికి రాత్రి దాడి అంటే అశ్వత్థామ గుర్తుకు రాకమానడు. పోల్చడం పూర్తిగా న్యాయం కాదని నాకు తెలుసు. అశ్వత్థామది ముగిసిన యుద్ధంలో పగ. చెషైర్ ఎదుర్కొన్నది లండన్‌ను తగలబెట్టి, ఐరోపానంతా చెరబట్టిన నాజీలను. బాంబులు పడే వైపున ఉండటమంటే ఏమిటో మన తీరానికీ కొంత తెలుసు. 1942 ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద జపాను విమానాలు బాంబులు వేశాయి. కాకినాడ పొరుగునే ఉన్న యానాంవారికి ఆ సంగతి వేరే చెప్పనక్కరలేదు.

1945 ఆగస్టు 9న నాగసాకి మీద అణుబాంబు పడినప్పుడు బ్రిటిషు ప్రభుత్వం పంపిన పరిశీలకులలో చెషైర్ ఒకరు. ఆయన ఎక్కిన విమానం మిగిలినవాటిని సకాలంలో కలుసుకోలేకపోయింది. దూరంనుంచే ఆ మేఘాన్ని చూశారు. మరుసటి ఏడాది సైన్యం విడిచారు.

కళింగ యుద్ధం తరువాత అశోకుడు మారినట్లు, నాగసాకిని చూసి చెషైర్ మనసు మారిందని చాలామంది అంటారు. ఆయన మాత్రం దీన్ని అంగీకరించలేదు. ఆ బాంబు యుద్ధాన్ని త్వరగా ముగించి ఎన్నో ప్రాణాలు కాపాడిందనే చివరిదాకా వాదించారు. ఆ వాదంతో నేను ఏకీభవించలేను. అయినా, వినేవారికి నచ్చే పశ్చాత్తాప కథను చెప్పుకోకుండా తాను నమ్మినదే చెప్పిన నిజాయితీని కాదనలేను. అశోకుడు సైతం తన పశ్చాత్తాపాన్ని తెలిపే శాసనాన్ని కళింగదేశంలోని ధౌలి, జౌగడ శిలలమీద చెక్కించలేదు. గంజాం ప్రాంతపు విద్యార్థులు జౌగడకు వెళ్లినప్పుడు ఈ సంగతి గుర్తుచేసుకోవచ్చు.

మార్పు వేరే దారిన వచ్చింది. మాజీ సైనికుల కోసం చెషైర్ నెలకొల్పిన సహకార నివాసం అప్పులపాలై మూతపడింది. లె కోర్ట్ అనే పెద్ద ఇల్లు ఖాళీగా మిగిలింది. 1948లో ఒక ఆసుపత్రివారు కబురు పంపారు. ఒకప్పుడు వైమానిక దళంలో పనిచేసిన మనిషి కాన్సరుతో మరణశయ్యపై ఉన్నాడు, వైద్యం చేసేదేమీ లేదు, పోవడానికి చోటులేదు. చెషైర్ అతణ్ణి తన ఇంటికి తీసుకువచ్చారు. నర్సును పెట్టుకునే స్తోమత లేదు. వంట చేయడం, పక్కబట్టలు ఉతకడం, ఒళ్లు తుడవడం అన్నీ విక్టోరియా క్రాస్ పొందిన ఆ చేతులే చేశాయి. ఆగస్టులో ఆ రోగి మరణించాడు. అప్పటికే మరొకరు వచ్చారు, ఆ తరువాత ఇంకొకరు. ఏడాది తిరిగేసరికి ఇల్లు నిండింది.

1955లో చెషైర్ భారతదేశానికి వచ్చారు. మన దేశంలో మొదటి చెషైర్ హోం బొంబాయిలోని అంధేరీలో వెలిసింది. 1959లో స్యూ రైడర్‌ను ఆయన వివాహమాడింది కూడా బొంబాయిలోనే. ఆమె అప్పటికే యుద్ధబాధితుల సేవలో ఉన్నారు. దంపతులిద్దరూ కలిసి డెహ్రాడూన్‌లో కుష్ఠురోగుల కోసం, దిక్కులేని పిల్లల కోసం ఒక కేంద్రం నెలకొల్పారు. బెంగుళూరులో పాత విమానాశ్రయం దారిన పోతుంటే 'చెషైర్ హోం' అన్న బోర్డు కనిపిస్తుంది. కోయంబత్తూరులోనూ ఒక హోం ఉంది. చక్రాల కుర్చీలలో ఉన్నవారు అక్కడ తమకు చేతనైన పని తాము చేసుకుంటూ ఉంటారు. ఆ పేరుగల మనిషి ఒకప్పుడు బాంబరు పైలటని వారిలో ఎందరికి తెలుసో!

చివరి రోజులలో చెషైర్‌కు కండరాలను ఒక్కొక్కటిగా చచ్చుపరిచే మోటార్ న్యూరాన్ వ్యాధి సోకింది. తన హోములలో ఉన్నవారిలాగానే ఆయనకూ చక్రాల కుర్చీ అవసరమైంది. 1992 జూలై 31న కన్నుమూశారు.