గైడు పుస్తకంలో లేని ఇస్తాంబుల్

విదేశయానం మధ్యతరగతి కుటుంబానికి ఏళ్ల తరబడి కూడబెట్టిన సొమ్ముతో కూడిన పని. చేతిలో ఉండేది మహా అయితే వారం రోజులు. ఆ వారంలో ఏది చూడాలో, దేనిని దాటిపోవాలో తరచుగా నిర్ణయించేది అచ్చయిన గైడు పుస్తకమే. కనుక అది ఎవరిని ఉద్దేశించి రాసినదో గమనించడం మన మొదటి పని.

ఇస్తాంబుల్‌నే తీసుకుందాం. పటాలు, ట్రాము మార్గాలు, పడవ రేవులు, సెలవు దినాలు తెలుసుకోవడానికి గైడు పుస్తకం ఎంతో అక్కరకు వస్తుంది. తోప్‌కాపీ ప్రాసాదానికి మంగళవారం, పెద్ద బజారుకు ఆదివారం సెలవు అన్న చిన్న వాక్యం ఒక దినాన్ని వృథా కాకుండా కాపాడుతుంది. ఇంటిల్లిపాదీ కూర్చొని పటం మీద పెన్సిలుతో గుర్తులు పెట్టుకుంటే, బయలుదేరకముందే పిల్లలకు ఆ నగరం పరిచయమవుతుంది.

అయితే కొనేముందు ముద్రణ సంవత్సరం చూడాలి. 537లో చర్చిగా వెలసిన అయాసోఫియా 1453లో మస్జిదు అయింది. 1935 నుంచి మ్యూజియంగా ఉండి, 2020 జూలైలో తిరిగి మస్జిదుగా తెరుచుకుంది. 2024 జనవరి నుంచి విదేశీ సందర్శకులు రుసుము చెల్లించి, వేరే ద్వారం గుండా పై అంతస్తుకు వెళ్తున్నారు. కింది భాగం నమాజు కోసం ఉంది. పాత పుస్తకాలలో ఈ వివరాలు దొరకవు.

అసలు భేదం మరొకటి ఉంది. నమాజు వేళల్లో, ముఖ్యంగా శుక్రవారం మధ్యాహ్నం, మస్జిదుల వైపు వెళ్లవద్దని ఆ పుస్తకాలు హెచ్చరిస్తాయి. వాటి పాఠకులకు అది సరైన సలహాయే. మనకు మాత్రం ఆ వేళే వెళ్లవలసిన వేళ. మిమార్ సినాన్ 1557లో పూర్తిచేసిన సులైమానియా మస్జిదు గుంబదు ఎత్తు 53 మీటర్లని పుస్తకం చెబుతుంది. దాని కింద ఇమాము ఖిరాఅత్ ఎలా వినిపిస్తుందో జమాఅత్‌లో నిలిచినవారికే తెలుస్తుంది. ఆ మస్జిదు చుట్టూ మద్రసాలు, వైద్యశాల, పేదలకు అన్నం పెట్టే వంటశాల కూడా కట్టించారని పిల్లలకు చెప్పడం మరువరాదు.

కాబట్టి పుస్తకం ఇచ్చిన క్రమాన్ని నమాజు వేళల చుట్టూ తిరిగి అల్లుకోవాలి. ఉదయం తోప్‌కాపీ, జుహర్ సుల్తాన్ అహ్మద్ మస్జిదులో, తరువాత పెద్ద బజారు, అసర్ సులైమానియాలో. ఇవన్నీ నడిచి వెళ్లగలిగినంత దూరంలోనే ఉన్నాయి. అక్కడి పెద్ద మస్జిదులలో స్త్రీలకు ప్రత్యేక స్థలం ఉంటుంది. అది ఎటువైపు ఉందో, వుజూ ఎక్కడ చేయాలో గైడు పుస్తకాలు సాధారణంగా చెప్పవు. అడిగి తెలుసుకోవాలి. హోటళ్లలో మద్యం కూడా వడ్డిస్తారేమో ముందుగా విచారించుకోవాలి.

మరుసటి రోజుకు అయ్యూబ్ పేటను ఉంచుకోవచ్చు. అనేక పుస్తకాలలో ఆ పేట ప్రస్తావన రోప్‌వే కోసం, కొండమీద ఫ్రెంచి నవలాకారుడు పియెర్ లోతీ పేరుతో ఉన్న కాఫీ దుకాణం కోసం వస్తుంది. హిజ్రత్ చేసి మదీనా చేరిన దైవప్రవక్త (స)కు తన ఇంట ఆతిథ్యమిచ్చిన హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి అక్కడే ఉందని ప్రసిద్ధి. వృద్ధాప్యంలో అంత దూరం దండయాత్రకు వచ్చి తనువు చాలించిన సహాబీ ఆయన. సలాం చెప్పి, ఆయన కోసం దుఆ చేసి, మన మరణాన్ని తలచుకోవడానికి ఆగవలసిన చోటు అది.

తెలుగువారికి సంబంధించిన ఒక పుట కూడా ఈ నగరంలో ఉంది. దోల్మాబాచే ప్రాసాదం నుంచి చివరి ఖలీఫా అబ్దుల్ మజీద్ 1924 మార్చిలో దేశం విడిచి వెళ్లవలసి వచ్చింది. ఆయన కుమార్తె దుర్రు షెహ్వార్ 1931లో నిజాం పెద్ద కుమారుడు ఆజం జాను వివాహమాడి హైదరాబాద్ కోడలయ్యారు. పురానీ హవేలీలోని ఆసుపత్రి ఆమె పేరుతోనే నడుస్తోంది. రెండవ కుమారుని పెండ్లాడిన ఉస్మానియా వంశీయురాలు నీలోఫర్ పేరు రెడ్‌హిల్స్ ఆసుపత్రికి నిలిచింది. ఆ ప్రాసాదం మెట్ల మీద నిలిచిన హైదరాబాదీ పిల్లవానికి ఈ మాట చెప్పవలసింది తల్లిదండ్రులే.

తిరిగి వచ్చాక పుస్తకాన్ని అటకమీద పడవేయకండి. స్త్రీల ద్వారం, వుజూ స్థలం, నమ్మదగిన భోజనశాల, ఇటువంటివన్నీ దాని అంచులలో రాసి, వెళ్లబోయే మరో కుటుంబానికి ఇవ్వండి. వారికి అచ్చు అక్షరాలకన్నా ఆ చేతిరాత ఎక్కువ ఉపయోగపడవచ్చు.