నీళ్లు వెనక్కి కూడా వెళ్తాయి

పోస్టు కొంచెం పెద్దదే. హాస్టల్లో ఉండేవాళ్లు మాత్రం చివరిదాకా చదవండి.

మేము బందరులో హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నాం. గదిలో ముగ్గురం. ఇద్దరం దివిసీమ యానాదులం, నాగాయలంక వైపు. ఒకడు గుడివాడ దగ్గర ఎరుకలోళ్ల పిల్లోడు. మూడు ఇళ్లలోనూ కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే.

పోయిన వానాకాలం హాస్టల్లో వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. రాత్రంతా ఒకరికొకరం ఓఆర్ఎస్ కలుపుకుని తాగాం. పొద్దున ఒక పెద్దమనిషి వచ్చి చూసి, "మీవాళ్లకి చేతులు కడుక్కునే అలవాటు ఉండదు కదా" అన్నాడు. తిట్టలేదు, నవ్వుతూనే అన్నాడు. మేము తలొంచుకుని నిలబడ్డాం. నిజమేనేమో అని మాకూ అనిపించింది. జ్వరం కన్నా అదే ఎక్కువ బాధపెట్టింది.

రెండు వారాల తర్వాత ఒక ఆదివారం మేడమీద బట్టలు నానబెట్టాం. కుళాయికి రబ్బరు పైపు తగిలించి, కొస టబ్బులో ముంచేసి, కుళాయి తిప్పి వదిలేశాం. ఇంతలో పైన ట్యాంకు అయిపోయింది. కింద మాలో ఒకడు తాగే కుళాయి దగ్గర బాటిల్ పడుతున్నాడు. "రేయ్, నీళ్లలో నురగొస్తందిరా!" అని అరిచాడు. పైన చూస్తే టబ్బులో నీళ్లు జానెడు తగ్గున్నాయి. కారింది లేదు, ఎవరూ పారబోసింది లేదు.

గుడివాడోడు సెలవుల్లో ప్లంబర్ల వెంట పనికి పోతాడు. వాడే చెప్పాడు. పైపులో వెనకనుంచి తోసే నీళ్లు లేనప్పుడు, కింద కుళాయి తిప్పితే పైనున్నది లాక్కుంటుంది. ట్రాక్టర్ ట్యాంకులోంచి గొట్టం పెట్టి డీజిల్ లాగినట్టే. ఆ రోజు సబ్బు నీళ్లు గనక నురగ కనబడింది. అదే పైపు అంతకుముందు ఎన్నిసార్లు బాత్రూం నేలమీద మురికిలో పడుందో మాకు తెలుసు. ఆ మురికికి నురగ రాదు కదా. పైపు అలా పడేసింది మేమే. చేతులు కడుక్కోవడం మాత్రం ఎప్పుడూ మానలేదు. కడుక్కున్నదీ ఆ నీళ్లతోనే!

ఇది మా ఒక్క హాస్టల్ గోల కాదు. 1969లో అమెరికాలో హోలీ క్రాస్ అనే కాలేజీ ఫుట్‌బాల్ జట్టులో ఎక్కువమందికి హెపటైటిస్ సోకింది. రెండే ఆటలు ఆడారు, మిగతా సీజనంతా రద్దు. దగ్గర్లో మంటలు ఆర్పడానికి నీళ్లు గట్టిగా లాగారు, పైపులో ప్రెషర్ పడిపోయింది. మైదానంలో గడ్డికి నీళ్లు కొట్టే గొట్టం ఉన్న గుంతలోని మురికినీళ్లు పిల్లలు తాగే కుళాయి లైన్లోకి పోయాయి. మన దగ్గర చూస్తే, 2018 మార్చిలో గుంటూరులో తాగే నీళ్లలో మురుగు కలిసి వందలమంది ఆసుపత్రి పాలయ్యారు. ప్రాణాలు పోయాయి.

గుంత అనగానే మాకు ఇల్లు గుర్తొచ్చింది. దివిసీమలో బోరు వేస్తే ఉప్పునీళ్లు. తాగాలంటే కృష్ణ కాలవ నీళ్లే దిక్కు. కాలవ కట్టేసిన రోజుల్లో చెరువులో నిలవచేసినవే. మా కాలనీ లైనుకి ఆఖరు. పైవీధిలో కుళాయికే మోటార్లు పెట్టి లాగుతారు. మాదాకా వచ్చేసరికి సన్నటి ధార, అది కూడా పైకి ఎక్కదు. అందుకని మా నాన్న కుళాయి కోసేసి, నడుం లోతు గుంత తవ్వాడు. ఆ గుంతలో దిగి పట్టుకుంటాం. వానొస్తే పక్క కాలవ మురుగంతా అందులోకే. పైన మోటారు వేసినప్పుడల్లా ఆ మురుగు పైపులోకి పోయి, మళ్లీ నీళ్లు వదిలినప్పుడు మన బిందెలోకే వస్తుంది.

సెలవులకి వెళ్లి అమ్మకి చెప్పాం. "గుంత పూడిస్తే నీళ్లెక్కవు కదరా, అప్పుడేం తాగుతావు?" అంది. దానికి మా దగ్గర జవాబు లేదు.

అయినా చేయగలిగినవి కొన్ని చేశాం. హాస్టల్లో పైపు కొస కత్తిరించి, టబ్బు అంచుకి పైన మేకుకి కట్టేశాం. కుళాయి మూతికీ టబ్బు అంచుకీ మధ్య, పైపు వెడల్పుకి రెండింతలు, ఎంత తక్కువైనా అంగుళం ఖాళీ ఉంటే నీళ్లు వెనక్కి దూకలేవు. దీనికి పైసా ఖర్చు లేదు. తాగే కుళాయి లైనుకి చందా వేసుకుని ఎన్నార్వీ బిగించాం. నీళ్లని ఒకవైపే పోనిచ్చే వాల్వు అది. దానిమీద బాణం గుర్తుంటుంది, నీళ్లు వెళ్లే వైపుకే ఉండాలి. ఇసకో నాచో ఇరుక్కుంటే సరిగా మూసుకోదు, అప్పుడప్పుడు విప్పి కడగాలి. అందుకే అది ఉంది కదా అని పైపుని మళ్లీ టబ్బులో ముంచకూడదు.

ఇంటి దగ్గర గుంత చుట్టూ సిమెంటు ఒర దించి, నేలకి అడుగు పైకి లేపాం. మూత పెట్టాం. కుళాయి కింద ఒక ఎన్నార్వీ. ఇది సగం పనే. పైవీధి మోటార్లు ఆగి, ఆఖరు ఇంటిదాకా ప్రెషర్ వస్తే తప్ప గుంత పోదు. దానికి కాలనీవాళ్లందరి సంతకాలతో పంచాయతీకి అర్జీ పెట్టాం. రాసింది మేమే, వేలిముద్రలు పెద్దోళ్లవి. పని అయ్యేదాకా నీళ్లు మరగబెట్టుకునే తాగమని ఇంటింటికీ చెప్పొచ్చాం.

ఇంకొక మాట. చేలల్లో, రొయ్యల చెరువుల మీద కూలికి వెళ్లే మనవాళ్లు పురుగుమందు డ్రమ్ములో కుళాయి పైపు ముంచి నింపుతుంటారు. దయచేసి మాన్పించండి. మందు వెనక్కి లాగితే అది మరగబెట్టినా పోదు.

ఈసారి ఎవరైనా "మీవాళ్లకి శుభ్రం తెలీదు" అంటే తలొంచుకోకండి. ముందు పైపు చూపించండి. మనం పడేసిన పైపైతే మనమే తీద్దాం. వాళ్ల మోటారైతే అది కూడా చెబుదాం.

ఈ రాత్రి మీ హాస్టల్ బాత్రూంలో రబ్బరు పైపు కొస ఎక్కడుందో ఒకసారి చూసి, కింద రాయండి.