బాయిలరుకు తలంటు

పండక్కి పిల్లలకు తలంటు పోయడం మనకు తెలుసు. ఏరువాకకు ఎద్దులకు నీళ్ళు పోయడమూ చూశాం. కానీ గోడకు తగిలించిన బాయిలరుకు వేణ్ణీళ్ళు పోసిన ఆడది మా కర్నూలు మొత్తం మీద నేనొక్కదాన్నే అయి ఉంటాను. నవ్వకండి, అంతా విన్నాక నవ్వుదురుగాని.

2022 డిసెంబరులో మా అమ్మాయి కాన్పుకని ఇంగ్లండు వెళ్ళాను. లీడ్స్ అనే ఊరు. వెళ్ళిన మర్నాడే అమ్మాయి వంటింట్లో ఒక అలమర తలుపు తీసి, లోపలున్న తెల్లటి పెట్టెను చూపించి, "ఇదేనమ్మా మా ఇంటికి ప్రాణం, కాంబీ బాయిలరు" అంది. మన గోద్రెజ్ బీరువాలో సగం కూడా లేదది. ఇల్లంతా వెచ్చగా ఉంచేదీ అదేనట, కుళాయిల్లో వేణ్ణీళ్ళిచ్చేదీ అదేనట. మిద్దె మీద తొట్టి లేదు, గీజరులాగా కడుపులో నీళ్ళు దాచుకోవడమూ లేదు. కుళాయి తిప్పగానే లోపల గ్యాసు అంటుకుంటుంది. వీధి గొట్టంలోంచి వచ్చిన మంచులాంటి నీళ్ళు దాని పేగుల్లోంచి పోతూ పోతూనే కాగిపోతాయి. కట్టేస్తే మంటా ఆరిపోతుంది. ఎవరైనా స్నానం చేస్తున్నంతసేపూ గదుల్లోని ఇనప పలకలకు వేడి పంపడం మానేసి నీళ్ళమీదే ధ్యాస పెడుతుంది. దాని అడుగున గడియారంలాంటి ముల్లు ఒకటి. ఒకటికీ ఒకటిన్నరకీ మధ్య ఉండాలిట. స్కూటరు టైరులో గాలి చూసుకున్నట్టు అల్లుడు రోజూ వంగి చూసేవాడు.

దానికున్న లోపమల్లా ఒక్కటే. పైన ఒకరు స్నానం చేస్తుండగా కింద ఇంకొకరు వేణ్ణీళ్ళ కుళాయి తిప్పితే పైన ధార సన్నబడిపోతుంది. మొదటి రోజే నేను హాయిగా గిన్నెలు కడుగుతుంటే పైనుంచి అల్లుడు "అత్తయ్యా, కుళాయీ!" అని కేక. తలనిండా నురగతో ఉన్నాడట పాపం.

మాకెక్కడివండీ ఈ ముచ్చట్లు! నేను పుట్టింది కడపలో. ఎండాకాలం వస్తే మిద్దె మీద తొట్టిలో నీళ్ళు ముట్టుకుంటే చేతులు కాలేవి. సాయంత్రం దాకా చల్లార్చుకుని పోసుకునేవాళ్ళం. చలికాలంలో మా అమ్మ ఇత్తడి గంగాళం నిండా నీళ్ళు పెరట్లో బండల మీద ఎండకు పెట్టేది. మధ్యాహ్నానికి గోరువెచ్చన. 2017లో కర్నూలు దగ్గర గని, శకునాల గ్రామాల్లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు పూర్తయిందని పేపర్లో చదివినప్పుడు, మా అమ్మ గంగాళమే గుర్తొచ్చింది నాకు.

1983లో పెళ్ళై కర్నూలు పాతబస్తీకి కాపురానికొచ్చాక చూశాను అసలైన బాయిలరు. మా అత్తగారిది. నా నడుము దాకా వచ్చే రాగి బాయిలరు. నడిమధ్య గొట్టం, అడుగున జాలీ, దాని కింద బూడిద పళ్ళెం. గొట్టంలో బొగ్గులు, కందికట్టె, కొబ్బరి చిప్పలు, ఏవి ఉంటే అవి వేసేవారు. గొట్టం చుట్టూ నీళ్ళు. పైన గరాటు, పక్కన మూతి. గరాటులో ఒక చెంబు చన్నీళ్ళు పోస్తే అవి అడుక్కి దిగి, పైనున్న వేణ్ణీళ్ళను ఒక చెంబు మూతిలోంచి బయటికి తోస్తాయి. పోయకపోతే రావు. "ఇయ్యకుండా తీసుకునేది దీని తావ నడవదమ్మీ" అనేవారు అత్తగారు. అందులో నా మీద కూడా ఏదో విసురు ఉందని అప్పట్లో నా అనుమానం. నిజానికి అదంతా బాయిలరు మంచికే. నీళ్ళు లేకుండా మంట పెడితే అతుకులు ఊడి పోతుంది కదా.

తెల్లవారుజామున నాలుగింటికే లేచి దాన్ని రాజేసేవారు. ఎనిమిది మంది స్నానాలు, ఎవరి తర్వాత ఎవరో ఆవిడే చెప్పాలి. శుక్రవారం శుక్రవారం చింతపండుతో తోమితే కొత్త పెళ్ళికూతురిలా ఎర్రగా మెరిసేది. తర్వాత్తర్వాత మావారు గీజరు కొన్నారు. మా బోరు నీళ్ళ సంగతి తెలుసుగా, పప్పు ఉడకదు, సబ్బు నురగ రాదు. రెండేళ్ళు తిరక్కుండానే గీజరు కాయిలు చుట్టూ సున్నం గడ్డకట్టింది. అత్తగారు ఏమీ అనలేదు. మర్నాడు నాలుగింటికి లేచి బాయిలరు రాజేశారు, అంతే.

ఇక 2009 అక్టోబరు 2. ఆ రోజు తుంగభద్ర, హంద్రీ రెండూ కలిసి కర్నూలు మీద పడ్డాయి. మా వీధిలో నీళ్ళు కింది ఇంటి కప్పును అందుకున్నాయి. ఎదురింటివాళ్ళ మూడో అంతస్తు మిద్దె మీద వాన్లో కూర్చుని మా ఇల్లు మునగడం చూశాం. నీళ్ళు తీశాక అత్తగారిని కడపలో మా అన్నయ్య ఇంటికి పంపి, మేమిద్దరం బురద ఎత్తడం మొదలుపెట్టాం. ఎన్ని తట్టలో లెక్కలేదు. పెళ్ళినాటి పట్టుచీరలు బురదముద్దలు. అమ్మాయి పుస్తకాలు, ఫోటోలు అన్నీ అంతే. ఆఖర్న స్నానాల గదిలో బాయిలరు పక్కకు ఒరిగి, కడుపునిండా ఒండ్రుతో, ఒక పక్క సొట్టపడి కనిపించింది. కడుక్కోవచ్చు. సొట్ట తీయించవచ్చు. కానీ నా చేతుల్లో శక్తి లేదు, మనసులో అసలే లేదు. వీధిలో పాతసామాన్ల బండి వచ్చింది. తూకం వేసి ఇచ్చేశాను. ఆ డబ్బుతో అత్తగారికే పరుపు కొన్నాను లెండి.

నెల తర్వాత ఆవిడ వచ్చారు. ఇంట్లో అడుగుపెడుతూనే స్నానాల గదిలోకి వెళ్ళారు.

"బాయిలరేదమ్మీ?"

"ఏట్లో పోయిందత్తా" అన్నాను. ఎందుకలా అన్నానో ఇప్పటికీ తెలియదు.

ఆవిడ ఆ మూలకేసి కాసేపు చూసి, "అంత బరువుది ఎట్ల తేలిందో" అన్నారు. ఆ తర్వాత ఐదేళ్ళు బతికారు. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు. ఎత్తి నాలుగు మాటలని ఉంటే నాకు తేలికగా ఉండేది.

సరే, లీడ్స్‌కు వద్దాం. మనవరాలు పుట్టింది. పదకొండో రోజు పురిటి స్నానం. సున్నిపిండి, పసుపు, సాంబ్రాణి అన్నీ కర్నూలు నుంచి మోసుకెళ్ళాను. ఆ వారమంతా ఆ దేశంలో చలి మరీ విపరీతం. తెల్లారి లేచేసరికి ఇల్లు మట్టికుండలా చల్లగా ఉంది. బాయిలరు హుక్కా తాగినట్టు గుడగుడమని ఊరుకుంటోంది. అల్లుడు చీకటితోనే పక్క ఊరికి ఆఫీసుకు వెళ్ళిపోయాడు. పసిగుడ్డును అమ్మాయి తన శాలువాలో పొదువుకుని కూర్చుంది. మెకానిక్కుకు ఫోను చేస్తే ఎల్లుండిగానీ రాడట. ఆ దేశంలో గ్యాసు బాయిలరును గ్యాస్ సేఫ్ రిజిస్టరులో పేరున్నవాళ్ళు తప్ప ఇంకొకరు విప్పకూడదు. మన వీధి చివరి రిపేరు కుర్రాడిని పిలిచే వీల్లేదు. అయితే అతను ఫోనులోనే కిటుకు చెప్పాడు. 2005 నుంచి అక్కడ పెట్టే బాయిలర్లు పొగలోని వేడిని కూడా పిండుకుంటాయిట. అప్పుడు పొగలోని ఆవిరి నీరై, ఒక ప్లాస్టిక్ గొట్టంలోంచి బయటికి పోతుంది. చలికి ఆ నీరు గడ్డకడితే, గొంతుకు అడ్డుపడ్డట్టు బాయిలరు ఆగిపోతుంది. వేణ్ణీళ్ళు పోసి కరిగించాలి. మరిగే నీళ్ళు మాత్రం వద్దు, గొట్టం పగులుతుంది.

చూశారా! వేణ్ణీళ్ళిచ్చేదానికే వేణ్ణీళ్ళు పోయాలి!

కరెంటు కెటిల్లో నీళ్ళు కాచి, చన్నీళ్ళు తొరిపి, మోచేత్తో వేడి చూసి, చీర మీద అల్లుడి కోటు తొడుక్కుని పెరట్లోకి వెళ్ళాను. చెంబు తర్వాత చెంబు, గొట్టం పొడుగునా పోశాను. జారిన నీళ్ళు కాళ్ళకింద అప్పుడే అద్దంలా గడ్డకడుతుంటే, జారిపడకుండా ఉప్పు తెచ్చి చల్లాను. పక్కింటి ముసలావిడ కిటికీలోంచి కళ్ళార్పకుండా చూసింది. నీళ్ళు పోయడం, గుమ్మంలో ఉప్పు చల్లడం... ఇండియావాళ్ళు బాయిలరుకు దిష్టి తీస్తున్నారనుకుని ఉంటుంది. ఏడో కెటిల్‌కు గొట్టంలో ఏదో జారినట్టు చప్పుడైంది. అమ్మాయి లోపల మీట నొక్కింది. భగ్గుమంది.

ఇల్లు వెచ్చబడ్డాక మధ్యాహ్నం అమ్మాయికి నలుగు పెట్టి నీళ్ళు పోస్తున్నాను. కళ్ళు మూసుకుని, "నాయనమ్మ బాయిలరైతే ఇట్లా మొండికేసేది కాదు కదమ్మా" అంది.

చెంబు చేతిలోనే ఆగింది. "అది ఏట్లో పోలేదే. నేనే అమ్మేశాను."

"తెలుసు" అంది కళ్ళు తెరవకుండానే. "నాయనమ్మ చెప్పింది. 'మీయమ్మ బురద ఎత్తి ఎత్తి ఇసిగిపోయి అమ్మేసింటాదిలే, నువ్వు మాత్రం అడగొద్దు' అంది."

నేనేం మాట్లాడలేదు. ఇంతలో కుళాయి ధార సన్నబడిపోయింది. సగం సెలవు పెట్టి ఎప్పుడొచ్చాడో ఏమో, కింద గిన్నెల చప్పుడు.

"నాయనా, కుళాయీ!" అని కేకేశాను. గొంతు సరిగ్గా పెగల్లేదు. ఇంకోసారి కేకేయాల్సి వచ్చింది.