దూరమునుండి ఇంటి కంప్యూటరును నడుపుట

దూరముననున్న యంత్రముచేత పని చేయించుకొనవలెనను కోరిక నేడు పుట్టినది కాదు. 1940వ సంవత్సరము సెప్టెంబరు 11వ తేదీన జార్జి స్టిబిట్జ్ అను గణితశాస్త్రజ్ఞుడు అమెరికాలోని హానోవరు పట్టణమున, డార్ట్‌మౌత్ కళాశాలలో కూడిన గణితవేత్తల యెదుట టెలిటైపుమీద లెక్కలను కొట్టి పంపెను. న్యూయార్కు నగరముననున్న బెల్ ప్రయోగశాలవారి గణనయంత్రము వానిని చేసి, తంతిమార్గముననే జవాబులు పంపెను. నాడు పండితసభకు వింతయైన యా పని నేడు భిక్నూరులోని ఒక సామాన్య గృహమున సాధ్యమగుచున్నది. అది మాకెట్లు సాధ్యమైనదో, అందువలన మేమేమి నేర్చితిమో విద్యార్థులకును వారి తలిదండ్రులకును మనవి చేయుచున్నాము.

మా స్వగృహము కామారెడ్డి జిల్లా భిక్నూరులో నున్నది. ఉద్యోగనిమిత్తము మేము వారమున ఆఱు దినములు పాఠశాల చెంతనే యుందుము. పదవ తరగతి కొఱకు పెక్కేండ్లుగా కూర్చిన ప్రశ్నలు, పటములు, మార్కుల పట్టికలు ఇంటి కంప్యూటరులో నున్నవి. అది బల్లమీద నుండు పెద్ద యంత్రము. సంచిలో పెట్టుకొని వచ్చుటకు వీలులేదు. వృద్ధులగు మా తండ్రిగారును ప్రతిదినము తమ పొలము లెక్కలను, బాల్యస్మృతులను అందే వ్రాసికొనుచుందురు.

దూరమునుండి యా యంత్రమును తెఱచు ఏర్పాటు చేయదలచితిమని చెప్పగా వారు, "బిడ్డా, నీ పాఠముల కొఱకైన మంచిదే. కాని నేను వ్రాసికొనుచుండగా నీవక్కడనుండి చూచితివేని నాకెట్లు తెలియును?" అని యడిగిరి. ఈ ప్రశ్న న్యాయమైనది. యంత్రము మేము కొన్నదే యైనను అందలి వ్రాత వారిది. కావున ముందు దీనికి సమాధానము వెదకి, పిమ్మట పనికి పూనితిమి.

విండోస్‌లోనే రిమోట్ డెస్క్‌టాప్ అను సాధనము కలదు. హోమ్ రకమున దీనిచే ప్రవేశించుటకు వీలులేదు. ప్రో రకము కావలెను. దూరమునుండి ప్రవేశింపగానే ఇంటి తెర మూతపడును గనుక, లోపల జరుగునది ఇంటివారికి కనబడదు. కొందఱు దీని కొఱకు రౌటరులో 3389 అను ద్వారమును లోకమంతటికిని తెఱచి యుంచుదురు. అది మిక్కిలి అపాయకరము. ఏలయన, పాస్‌వర్డులను ఊహించుచు రేయింబవళ్లు అట్టి ద్వారములను తట్టు దొంగ యంత్రములు ఇంటర్నెట్టున అనేకములు కలవు.

గూగుల్ సంస్థవారి క్రోమ్ రిమోట్ డెస్క్‌టాప్ రెండవ మార్గము. దీనికి రౌటరులో ద్వారము తెఱువనక్కఱలేదు. మేము లోపలికి పోయినపుడు ఇంటి తెర తెఱచియే యుండును. బాణపు గుర్తు కదలుట ఇంటివారికి కనబడును. తెర పంచబడుచున్నదని తెలుపు పట్టీయు, దానిని తక్షణమే ఆపివేయు మీటయు అందే యుండును. మా తండ్రిగారు దీనినే యెన్నుకొనిరి.

పిమ్మటి పని స్వల్పము. సాధనమును ఇంటి యంత్రమున నెలకొల్పి, దానికొక పేరు పెట్టి, ఆఱంకెలకు తక్కువ కాని రహస్యసంఖ్య నిచ్చితిమి. మా గూగుల్ ఖాతాకు రెండంచెల పరీక్ష పెట్టితిమి. యంత్రము నిద్రపోయినయెడల దూరమునుండి పలుకదు గనుక, నిద్ర యమరికను తొలగించితిమి. కరెంటు పోయి వచ్చినపుడు తానే మేల్కొనునట్లు బయోస్ అను మొదటి యమరికలో సరిచేసితిమి. రౌటరును ఇన్వర్టరునకు తగిలించితిమి. తండ్రిగారికి వేఱు ఖాతా, వేఱు పాస్‌వర్డు ఏర్పడెను. ముందుగా ఫోనుచేసి అడుగక లోపలికి పోరాదని నియమము చేసికొంటిమి.

ఈ నియమము యొక్క విలువ కొన్ని నెలలకు తెలిసినది. ఎవడో బ్యాంకు ఉద్యోగినని చెప్పి మా తండ్రిగారికి ఫోనుచేసి, ఒక యాప్‌ను వేసికొని అందు కనబడు సంఖ్యను చెప్పవలెననియు, లేనియెడల ఖాతా నిలిచిపోవుననియు బెదరించెను. వారు తొణకక, "ఆ సంఖ్య ఇంటి తాళపుచెవి వంటిది. నా కొడుకే నన్నడిగి లోపలికి వచ్చును. నీవెవరవు?" అని ఫోను పెట్టివేసిరి. ఇట్టి యాప్‌ల ద్వారా జరుగు మోసములనుగూర్చి భారతీయ రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది. సొమ్ము పోయినవారు ఆలస్యము చేయక 1930 సంఖ్యకు ఫోను చేయవలెను.

మన కామారెడ్డి, నిజామాబాదు ప్రాంతములనుండి గల్ఫు దేశములకు పోయిన తండ్రులు, అన్నలు పెక్కుమంది కలరు. వారు అచ్చటనుండియే ఇంటి కంప్యూటరును సరిచేయగలరు. బిడ్డలకు పాఠమును చూపగలరు. విద్యార్థులారా, మీ యింట నిట్టి యేర్పాటు చేయునపుడు, యంత్రమును వాడు పెద్దలను ప్రక్కను కూర్చుండబెట్టుకొని, తెఱచు విధముతోపాటు ఆపివేయు మీటను గూడ చూపుడు. దానిని వారిచేతనే ఒకమాఱు నొక్కించుడు.