పారని పెన్నలో గింజంత చిప్పలు

నంది కొండల్లో పుట్టిన ఉత్తర పినాకిని, అంటే పెన్న, గౌరీబిదనూరు దాటి హిందూపురం సీమకు వస్తుంది. పరిగి ప్రాంతంలో జయమంగళి నదిని కలుపుకొని, తిరిగి కర్ణాటకలో అడుగుపెట్టి, పావగడ తాలూకాలోని నాగలమడిక పక్కగా పోతుంది. ఏడాదిలో ఎక్కువ నెలలు అక్కడ కంటికి కనబడేది ఇసుకే. పడమటి కనుమల చాటున ఉన్న నేల కాబట్టి నైరుతి వానలు అంతంత మాత్రం. ఈశాన్య మేఘాలు ఇంత లోపలికి వచ్చేసరికి బలం తగ్గుతాయి. అందుకే దీన్ని చచ్చిన ఏరు అనేస్తుంటారు. మంచినీటి చిప్పలు బతికే తీరు చూస్తే ఆ మాట తొందరపాటని తేలుతుంది. ఎండిన ఏటికి తిరిగి ప్రాణం పోసుకునే దారులున్నాయి. అడుగు కోల్పోయిన ఏటికి ఆ దారులు మూసుకుపోతాయి.

బటాణీ గింజకు అటూ ఇటూగా ఉండే చిన్న చిప్పల సంగతి తీసుకుందాం. మన దేశపు చెరువుల్లో, నిదానంగా పారే నీళ్లలో ఇవి బురదలో కూరుకొని, నీటిని లోపలికి పీల్చి, అందులోని నాచు రేణువులను వడకట్టి తింటాయి. ఒకే జీవిలో ఆడ, మగ లక్షణాలు రెండూ ఉంటాయి. పిల్లలు తల్లి మొప్పల్లోనే పెరిగి, గట్టి చిప్పతోనే బయటికొస్తాయి. నీరు ఇంకితే వీటిలో చాలా జాతులు తడిమట్టిలో చిప్ప మూసుకొని నెలల తరబడి ఓర్చుకుంటాయి. జోడు అక్కర్లేకుండా ఒక్క చిప్పే కొత్త మడుగులో సంతతిని మొదలుపెట్టగలదు. అక్కడికి చేరేదెలాగంటే, పురుగులు, పక్షులు మోసుకుపోతాయి. 1882 ఏప్రిల్‌లో, చనిపోవడానికి కొద్దిరోజుల ముందు, డార్విన్ ‘నేచర్’ పత్రికలో రాసినది ఇదే విషయం: నీటి పురుగు కాలిని కరుచుకొని ఉన్న చిన్న చిప్ప గురించి. పెద్ద ఆల్చిప్పల దారి వేరు. వాటి పిల్లలు కొన్నాళ్లు చేపల మొప్పలనో రెక్కలనో అంటిపెట్టుకొని ఉండాలి. ముదిరిన ఆల్చిప్ప కొన్నాళ్ల ఎండకు తట్టుకున్నా, చేపలు లేనిచోట దాని సంతతి సాగదు.

అలాగైతే చిన్నవాటికి కరువు లెక్కే కాదా అని అడగవచ్చు. లెక్కే. మట్టిలో చెమ్మ పూర్తిగా పోతే అవీ చస్తాయి. అయితే ఆ చెమ్మను కాపాడేది ఇసుకే. ఎండిన ఏట్లో చెలమ తవ్వితే నీరు ఊరడమే అందుకు సాక్ష్యం. ఇసుకను రాతిదాకా తోడేస్తే మిగిలేది ఎండకు కాలే బండ. ఈ చిప్పలుండే చెరువుల సంగతికొస్తే, పూడిక తీయకపోతే చెరువు నిండేదెలా అన్నది మరింత న్యాయమైన ప్రశ్న. పూడిక తీయాల్సిందే, ఆ మట్టి చేలకు సత్తువ కూడా. కాకపోతే చెరువంతా ఒకే వేసవిలో గీకేయకుండా, లోతు మడుగును ఒక ఏడాది వదిలిపెడితే పని ఆగదు, చిప్పల విత్తనమూ పోదు.

నాగలమడిక దాటిన పెన్న పేరూరు జలాశయానికి, అక్కడినుంచి గండికోట లోయ మీదుగా నెల్లూరు దగ్గర సముద్రానికి పోతుంది. పైనుంచి నీరు విడిచినంత మాత్రాన ఏరు కోలుకున్నట్టు కాదు. ఆ నీటిని వడకట్టే జీవులు నిలవాలంటే వాటికి అడుగున మట్టి, ఇసుక ఉండాలి. కాబట్టి ఎన్ని అడుగుల నీరొచ్చిందని కొలిచేవాళ్లు ఎంత ఇసుక మిగిలిందో కూడా కొలవాలి.